పౌలు ఒకటి, యాకోబు ఒకటి అంటే ఎటు వెళ్ళాలి? వేదాంత పద్ధతుల గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బైబిల్ వేదాంతం, చారిత్రక వేదాంతం, క్రమబద్ధ వేదాంతం, సందర్భ వేదాంతం అని రకరకాల పేర్లు వినిపిస్తున్నాయి. వీటిలో సరైన పద్ధతి ఏది? రోమా 3:28లో పౌలు క్రియలు లేకుండా విశ్వాసం వలననే అంటే, యాకోబు 2:24లో విశ్వాసం మాత్రమే చాలదంటున్నాడు. ఇలాంటి చోట ఏ పద్ధతి పట్టుకుంటే చిక్కు విడుతుంది?

మీరు చెప్పిన పేర్లన్నీ ఒకే పని చేయడానికి పోటీపడేవి కావు. ఎక్కువ భాగం ఒకే పనిలోని వేర్వేరు దశలు. అసలు పోటీ ఇంకో చోట ఉంది. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్ల చర్చలు సగం దూరం వెళ్ళకముందే ఆగిపోతాయి.

దశల సంగతి త్వరగా చెప్పేస్తాను. బైబిల్ వేదాంతం అడిగేది: ఈ రచయిత, ఈ పుస్తకంలో, తన పాఠకులతో ఏమన్నాడు? చారిత్రక వేదాంతం అడిగేది: సంఘం ఏ కాలంలో దీన్ని ఎలా అర్థం చేసుకుంది, అప్పుడు ఎవరితో వాదన జరుగుతోంది? క్రమబద్ధ వేదాంతం అడిగేది: ఇదంతా చూశాక ఇప్పుడు మనం ఏది నిజమని ఒప్పుకోవాలి, అది మన మిగతా విశ్వాసంతో పొసగుతుందా? ఆచరణ వేదాంతం అడిగేది: దీన్ని ఎవరికి, ఎలా చెప్పాలి, ఏం చేయాలి? మొదటిదాన్నీ మూడోదాన్నీ విడదీయాలని 1787లో ఆల్ట్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయంలో యోహాన్ ఫిలిప్ గాబ్లర్ తన ప్రారంభోపన్యాసంలో వాదించాడు. అంతకుముందు సిద్ధాంతాన్ని ముందు పెట్టుకుని దానికి వచనాలు వెతకడం మామూలుగా జరిగేది. 1972లో బెర్నార్డ్ లోనర్గన్ ఇదే పనిని ఎనిమిది భాగాలుగా విడగొట్టాడు: పరిశోధన, వ్యాఖ్యానం, చరిత్ర, వాదాల పోలిక, పునాదులు, సిద్ధాంతాలు, క్రమబద్ధీకరణ, సంభాషణ. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదటి నాలుగూ ఇతరులు ఏం చెప్పారో వినే పని, చివరి నాలుగూ మనం బాధ్యత తీసుకుని చెప్పే పని. వినడం పూర్తి కాకుండా చెప్పడానికి దిగితేనే తప్పులు మొదలవుతాయి.

ఇక అసలు పోటీ. వాక్యం, సంప్రదాయం, తర్కం, అనుభవం, ఈ నాలుగూ ఏదో ఒక మోతాదులో అందరూ వాడతారు. అవి ఒకదానితో ఒకటి పడనప్పుడు దేని మాట చెల్లుతుందన్న దగ్గరే దారులు చీలిపోతాయి. సంస్కర్తల వారసులకు, అంటే ప్రొటెస్టెంట్లకు, వాక్యమే మిగతావాటిని కొలిచే కొలబద్ద. విశ్వాస ప్రమాణాలు కూడా కొలబద్దలే, కానీ వాక్యంతో కొలవబడినవి. కతోలిక సంఘం వాక్యాన్నీ సంప్రదాయాన్నీ ఒకే ఊట నుంచి వచ్చే ప్రవాహాలుగా చూస్తుంది. వాటికి అధికారికంగా అర్థం చెప్పే బాధ్యత సంఘ బోధనాధికారానిది. అయితే ఆ అధికారం వాక్యం కన్నా పైది కాదు, వాక్యానికి సేవచేసేది అని రెండవ వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా రాసింది. ఆర్థడాక్స్ సంఘాల్లో ఆరాధన, పితరులు (తొలి శతాబ్దాల సంఘ బోధకులు), విశ్వవ్యాప్త మహాసభలు కలిసి పలికే సాక్ష్యానికి పెద్దపీట. నాలుగింటినీ కలిపి, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ పేరు మీద, వెస్లీ చతుష్కోణం అంటారు. ఆ పేరు వెస్లీ పెట్టింది కాదు, 20వ శతాబ్దంలో ఆల్బర్ట్ ఔట్లర్ పెట్టింది. చాలామంది దీన్ని నాలుగు సమానమైన కాళ్ళున్న బల్లలా వాడతారు. వెస్లీ అలా అనలేదు. ఆయనకు వాక్యమే మొదటిది, మిగతా మూడూ దాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడేవి. మీరు చదివే పుస్తకం ‘అనుభవం’ అన్నప్పుడల్లా అది సాక్షిగా నిలబడుతోందా, తీర్పరిగా కూర్చుంటోందా అని చూడండి. ఆ రచయిత పద్ధతి అక్కడే బయటపడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండో చీలిక. ష్లయర్‌మాకర్ విశ్వాసుల భక్తి చైతన్యం నుంచి మొదలుపెట్టాడు. కార్ల్ బార్త్ దాన్ని గట్టిగా తిరస్కరించి, దేవుడు తనను తాను బయలుపరచుకున్న క్రీస్తు దగ్గరే మొదలుపెట్టాలన్నాడు. పాల్ టిల్లిక్ మనిషి ప్రశ్నలనూ ప్రత్యక్షత (దేవుడు తనను బయలుపరచుకోవడం) ఇచ్చే జవాబులనూ జతపరిచాడు. గుస్తావో గుతియెర్రెజ్ 1971లో పేదల పక్షాన నిలబడే ఆచరణ మొదటి మెట్టు, దాని మీద వాక్య వెలుగులో చేసే ఆలోచన రెండో మెట్టు అన్నాడు. ప్రతిదానికీ ఒక బలం ఉంది, ఆ బలం పక్కనే జారిపోయే చోటు కూడా ఉంది. టిల్లిక్ దారిలో ప్రశ్న అడిగేవాడే జవాబు ఆకారాన్ని నిర్ణయించేసే ప్రమాదం. బార్త్ దారిలో వినేవాడి ప్రశ్నను అసలు వినకపోయే ప్రమాదం.

ఇక మీ ఉదాహరణకే వద్దాం. పద్ధతి విలువ దాన్ని వాడి చూస్తేనే తెలుస్తుంది.

మొదట వచనాన్ని దాని భాగంలో పెట్టి చదవండి: రోమా 3:21 నుంచి 4:25 వరకు ఒక ఏకాండీ, యాకోబు 2:14 నుంచి 26 వరకు ఒకటి. రెండూ మూడేసి సార్లు, పెన్సిల్ పట్టుకుని. ఒక విషయం వెంటనే కనిపిస్తుంది. ఇద్దరూ ఆదికాండం 15:6నే ఎత్తి చూపారు, పౌలు రోమా 4:3లో, యాకోబు 2:23లో. కానీ పౌలు ఆ వచనం ముందు నిలబడి, ‘ఇది జరిగింది సున్నతికి ముందా, తర్వాతా?’ అని అడుగుతాడు (4:10). సున్నతి ఆదికాండం 17లో వస్తుంది కాబట్టి ముందే అని తేలుస్తాడు. యాకోబు అదే వచనాన్ని ఆదికాండం 22లో ఇస్సాకును అర్పించిన సంఘటనతో కలుపుతాడు. ఒకే మనిషి, ఒకే వచనం, కానీ ఒకరు ఆ విశ్వాసం మొదలైన క్షణాన్ని చూస్తున్నారు, ఇంకొకరు ఏళ్ళ తర్వాత అది నెరవేరిన క్షణాన్ని చూస్తున్నారు.

తర్వాత మాటలు. ఇక్కడ తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా ఒక గొయ్యి ఉంది. మన పాత అనువాదంలో రోమా 3:28లో ‘నీతిమంతులుగా తీర్చబడు’ అనీ, యాకోబు 2:24లో ‘నీతిమంతుడని యెంచబడు’ అనీ ఉంటుంది. చదివితే రెండు వేర్వేరు మాటలు వాడారనిపిస్తుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియాపదం, దికైయో. ఇంకా చిక్కేమిటంటే, అబ్రాహాముకు ‘నీతిగా ఎంచబడెను’ అన్నచోట గ్రీకులో ఉన్నది వేరే క్రియాపదం, లొగిజొమై, లెక్కలో వేయడం. అంటే తెలుగులో ఒకేలా కనిపించేవి గ్రీకులో వేరు, గ్రీకులో ఒకటైనవి తెలుగులో వేరు. కేవలం తెలుగు పదసూచిక పట్టుకుని ‘తీర్చబడుట వేరు, ఎంచబడుట వేరు’ అని సిద్ధాంతం కట్టిన ప్రసంగం ఈ గోతిలో పడినట్టే. గ్రీకు రాకపోయినా పరవాలేదు. కనీసం మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి, ఒక అంతర్‌పంక్తి బైబిల్‌లో (మూల భాష మాట కింద అర్థం రాసి ఉండేది) ఆ క్రియాపదం ఏదో చూడండి.

అసలు తేడా మిగతా రెండు మాటల్లో ఉంది. యాకోబు 2:19లో దయ్యాలకూ ఉన్న ‘విశ్వాసం’ ఏది? దేవుడు ఒక్కడే అని ఒప్పుకోవడం. పౌలు రోమా 4:20, 21లో చెప్పే విశ్వాసం వాగ్దానం చేసినవాడి మీద ఆనుకోవడం. పౌలు ‘ధర్మశాస్త్ర క్రియలు’ అంటాడు, వెంటనే 3:29లో ‘దేవుడు యూదులకు మాత్రమేనా?’ అని అడుగుతాడు. యాకోబు చెప్పే క్రియలు ఆకలితో, బట్టలేక ఉన్న సహోదరుడికి సాయపడటం (2:15, 16), అక్కడ ధర్మశాస్త్ర క్రియలు అన్న మాటే లేదు. అలాగని, యాకోబు మనుషుల ముందు కనబడే నీతి గురించే మాట్లాడుతున్నాడనే తేలిక జవాబు నాకు సరిపోయినట్టు అనిపించదు. 2:14లో ఆయన అడిగేది ‘అలాంటి విశ్వాసం అతన్ని రక్షించగలదా?’ అని. రక్షణ గురించే అడుగుతున్నాడు.

మూడోది చరిత్ర. లాటిన్‌లో దికైయో అన్న క్రియాపదానికి వాడిన మాట ‘నీతిమంతుడిగా చేయడం’ అనే ధ్వనినిస్తుంది, అగస్టీను దాన్ని ఆ అర్థంలోనే తీసుకున్నాడు. గ్రీకు మాటలో న్యాయస్థానంలో తీర్పు చెప్పే ధ్వని ఎక్కువ. పశ్చిమ సంఘంలో వెయ్యేళ్ళకు పైగా నడిచిన చర్చలో ఈ తేడా ఒక పునాదిరాయి. 1522లో లూథర్ జర్మన్ అనువాదంలో రోమా 3:28 దగ్గర ‘మాత్రమే’ అన్న మాట చేర్చాడు. గ్రీకు కొత్త నిబంధనలో ‘విశ్వాసం మాత్రమే’ అన్న పదబంధం ఉన్నది ఒక్క యాకోబు 2:24లోనే, అదీ ‘కాదు’ అని చెప్పడానికి. దీన్ని చూసి కొందరు లూథర్ మోసం చేశాడంటారు, అది తొందరపాటు. ఆ వాక్యం భావం జర్మన్‌లో స్పష్టంగా రావాలంటే ఆ మాట కావాలని ఆయన తన కారణం రాసిపెట్టాడు. ఆ కారణాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, కానీ చదవకుండా తీర్పు చెప్పకూడదు. 1547 జనవరిలో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 16 అధ్యాయాలు, 33 నిబంధనలతో జవాబిచ్చింది. ఆ నిబంధనలు చదివేటప్పుడు ట్రెంట్ వాడిన ‘విశ్వాసం’, లూథర్ వాడిన ‘విశ్వాసం’ ఒకటేనా అని ప్రతి వాక్యం దగ్గరా అడగండి. 1977లో ఇ. పి. సాండర్స్ పౌలు కాలపు యూదు మతం క్రియలతో రక్షణ సంపాదించుకునే మతం కాదని వాదించాక రోమా పత్రిక మీద వ్యాఖ్యానాలు మారిపోయాయి. 1994లో పూర్తిగా ప్రచురించిన మృత సముద్రపు చుట్టల్లోని (ప్రాచీన యూదు రాతప్రతులు) ఒక పత్రంలో ‘ధర్మశాస్త్ర క్రియలు’ అన్న మాటకు సరితూగే హీబ్రూ మాట దొరికింది, అక్కడ అది శుద్ధి నియమాల్లాంటి ప్రత్యేక ఆజ్ఞల గురించి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కతోలికులూ నీతిమంతులుగా తీర్చబడటం గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టారు. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ (రిఫార్మ్డ్) సంఘాల ప్రపంచ కూటమి దానితో కలిశాయి.

ఆ ప్రకటన కట్టిన తీరును పద్ధతి నేర్చుకునేవాళ్ళు తప్పకుండా చూడాలి. నాలుగో భాగంలో ఏడు చిక్కు విషయాలున్నాయి. ప్రతిదానికీ ముందు ‘మనం కలిసి ఒప్పుకుంటున్నాం’ అని ఉమ్మడి వాక్యం, ఆ తర్వాత ఒక వైపు వివరణ, తర్వాత రెండో వైపు వివరణ. తేడాలు చెరిపేయలేదు. మిగిలిన తేడా ఉమ్మడి మాటను చెడగొట్టేంతదా కాదా అని మాత్రమే తూచారు. చర్చల్లో దీన్ని మనమూ వాడవచ్చు. అవతలివాళ్ళ వాదనను వాళ్ళే ‘అవును, మేమనేది ఇదే’ అనేలా ముందు రాయాలి, విమర్శ తర్వాత.

నాలుగో దశలో ఇప్పుడు మీ మాటల్లో ఒక వాక్యం రాయండి. ఉదాహరణకు: ‘దేవుడు మనల్ని నీతిమంతులుగా తీర్చేది క్రీస్తు మీది విశ్వాసం ద్వారానే, మన క్రియల విలువ చూసి కాదు. కానీ ఆ విశ్వాసం ప్రాణమున్నదైతే ప్రేమ క్రియలు దాన్నుంచి పుడతాయి.’ ఇప్పుడు దాన్ని కష్టమైన సందర్భాల మీద పెట్టి పరీక్షించండి. సిలువ మీది దొంగ (లూకా 23:40–43): క్రియలకు వ్యవధే లేదు, వాక్యం నిలుస్తుందా? మత్తయి 25:31–46లో తీర్పు క్రియల మీద జరుగుతోంది, అక్కడ నిలుస్తుందా? గలతీ 5:6తో పొసగుతుందా? ఎక్కడైనా బెణికితే వాక్యం మార్చండి, వచనాన్ని మెలితిప్పకండి. ఈ దశను దాటవేయడం అన్ని పొరపాట్లలోకీ ఎక్కువగా జరిగేది. అందమైన వాక్యం రాగానే పని అయిపోయిందనుకుంటారు.

ఐదోది సందర్భం, అంటే మనం ఏ పరిస్థితుల్లో, ఎవరి పక్కన నిలబడి చదువుతున్నామన్నది. దీన్ని చివర తగిలించే అన్వయంగా చూస్తే సగమే చూసినట్టు. యాకోబు 2:14 దగ్గర మొదలుపెట్టే వ్యాఖ్యానాలు ఒక సంగతి వదిలేస్తాయి. ఆ అధ్యాయం 2:2, 3లో మొదలవుతుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టల పేదవాడికి ‘నువ్వు అక్కడ నిలబడు’. విశ్వాసం, క్రియల వాదన ఆ కుర్చీ గొడవలోంచి పుట్టింది. విమోచన వేదాంతమూ దళిత వేదాంతమూ ఆ నిలబెట్టినవాడి పక్కన నిలబడి చదువుతాయి కాబట్టి అది ముందు వాటికి కనబడుతుంది. మంచి సందర్భ వేదాంతం వచనంలోనే ఉన్న, మనం చూడని దాన్ని చూపిస్తుంది. బెల్జియం కతోలిక ఫాదర్ జోసెఫ్ కార్డిన్ కార్మిక యువకులతో వాడిన ‘చూడు, తూచు, చెయ్యి’ అనే మూడు మెట్ల తీరు ఇక్కడ బాగా పనికొస్తుంది. ఎక్కడ చెడుతుందంటే మొదటి మెట్టు దగ్గర. ‘చూడటం’ అంటే పేదరికం గురించి మనకున్న అభిప్రాయం చెప్పడం కాదు, ఎవరికి ఎంత భూమి ఉంది, కూలి ఎంత, నిర్ణయం ఎవరిది అని నిజంగా తెలుసుకోవడం. అది చేయకపోతే రెండో మెట్టులో మనకు ముందే నచ్చిన వచనాలే వస్తాయి. ఇంకొక జాగ్రత్త: అదే సిద్ధాంతం అపరాధ భావంతో నలిగిపోతున్నవాడికి రోమా 4తో మొదలుపెట్టి చెప్పాలి, పొరుగువాడి ఆకలి పట్టించుకోని హాయైన సంఘానికి యాకోబు 2తో. తలకిందులు చేస్తే మొదటివాడు కుంగిపోతాడు, రెండోవాళ్ళు నిద్రపోతారు.

మీ నోట్సుకు ఒక ఆకారం కావాలంటే మధ్యయుగపు పాఠశాలల నుంచి అప్పు తీసుకోండి. అబెలార్డ్ 12వ శతాబ్దంలో 158 ప్రశ్నల మీద పితరుల మాటలను ఎదురెదురుగా పేర్చాడు, జవాబు చెప్పకుండా. విద్యార్థి తూచడం నేర్చుకోవాలని. థామస్ అక్వినాస్ దానికి పూర్తి రూపమిచ్చాడు: అవునా కాదా అని అడిగే ప్రశ్న, తన జవాబుకు వ్యతిరేకంగా ఉన్న బలమైన వాదనలు, తరచు మూడు, ‘కానీ దీనికి భిన్నంగా’ అని ఒక ప్రామాణిక వాక్యం, తన జవాబు, చివర మొదటి వాదనలు ఒక్కొక్కదానికీ ప్రత్యుత్తరం. ఒక ప్రశ్నకు ఒక పేజీ చాలు. దీని గొప్పతనం ఎదుటి వాదనలను మొదట్లోనే రాయించడం. అవి బలహీనంగా రాస్తే మీ జవాబు కూడా బలహీనంగానే వస్తుంది, రాస్తుండగానే తెలిసిపోతుంది.

తప్పులు జరిగే చోట్లు ఇంకొన్ని చెప్పాలి. వచనాలన్నీ ఒకే బరువున్న రుజువులుగా పోగుచేయడం మొదటిది. 1870ల్లో ప్రిన్స్‌టన్‌లో చార్లెస్ హాడ్జ్, శాస్త్రజ్ఞుడికి ప్రకృతి ఎలాగో వేదాంతికి బైబిల్ అలాగ, వాస్తవాలు సేకరించి క్రమంలో పెట్టాలన్నాడు. ఒక్క వచనమూ వదలకుండా సేకరించమనే క్రమశిక్షణ మంచిదే. కానీ యోబు స్నేహితుల ప్రసంగాల నుంచి ఒక వాక్యం తీసి ‘బైబిల్ చెబుతోంది’ అంటే ఏమవుతుంది? యోబు 42:7లో ఆ స్నేహితులు తన గురించి యుక్తమైనది పలకలేదని దేవుడే అన్నాడు. అలాగని వాళ్ళ మాటలన్నీ కొట్టివేయనూ లేం, ఎలీఫజు పలికిన యోబు 5:13ను పౌలు 1 కొరింథీ 3:19లో లేఖనంగా ఉదహరించాడు. కాబట్టి ఎవరు, ఎవరితో, ఏ సాహిత్య రూపంలో పలికారన్నది ప్రతి వచనం పక్కనా రాసుకోవాలి.

రెండోది, ఒక పదానికి నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ ఒకే వాక్యంలోకి కుక్కడం. 1961లో జేమ్స్ బార్ ఈ అలవాటును గట్టిగా ఎండగట్టాడు. అర్థం పదంలో కన్నా వాక్యంలో ఎక్కువగా ఉంటుంది.

మూడోది కాస్త సూక్ష్మమైనది. విశ్వాస ప్రమాణాలను వాక్యానికి బదులు వాడటం, లేదా పూర్తిగా పక్కన పెట్టడం. 325లో నైసియా మహాసభ ‘హోమోఊసియోస్’, అంటే తండ్రితో ఏకస్వభావం కలవాడు, అన్న మాట ఎంచుకుంది. అది బైబిల్‌లో లేదని సభలోనే అభ్యంతరం వచ్చింది. అయినా ఎందుకు వాడారంటే, బైబిల్ మాటలన్నిటినీ, కుమారుడు సృష్టించబడినవాడని బోధించిన అరియస్ పక్షం తమ అర్థంలో ఒప్పుకోగలిగింది. వచనం అర్థాన్ని కాపాడటానికి వచనంలో లేని మాట కావలసి వచ్చింది. 451లో కల్కెదోను మహాసభ క్రీస్తు రెండు స్వభావాల గురించి నాలుగు ‘కాదు’లు పెట్టింది: కలగలిసిపోకుండా, మారిపోకుండా, విభజన లేకుండా, వేరుపడకుండా. అది ఆ మర్మాన్ని విప్పి చెప్పలేదు, దాని నాలుగు వైపులా గట్టు కట్టింది. జార్జ్ లిండ్‌బెక్ 1984లో సిద్ధాంతాలు భాషకు వ్యాకరణం లాంటివి అన్నాడు. ఈ ఉదాహరణలో ఆ మాట చక్కగా ఒప్పుతుంది. అన్నిటికీ అదే వాడి, సిద్ధాంతం మన మాటల నియమమే తప్ప దేవుని గురించిన నిజం కాదనడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు.

చివరిగా తూర్పు సంఘాల దారి గురించి, ఎందుకంటే మీ జాబితాలో అది లేదు. దేవుని గురించి ‘ఇది కాదు, అది కాదు’ అంటూ వెళ్ళే నిషేధ మార్గం అది. అరియోపగీయుడైన దియొనూసి పేరుతో వచ్చిన రచనలు దానికి మూలస్తంభం. పశ్చిమ సంఘానికీ ఇది తెలుసు. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఎంత పోలిక చెప్పినా అంతకు మించిన భేదం ఉంటుందని 1215లో నాలుగవ లాటరన్ మహాసభ రాసింది. వాడే తీరు ఇలా: ‘దేవుడు తండ్రి’ అని రాశాక, ఏ అర్థంలో కాదో కూడా రాయండి. శరీర సంబంధం కాదు, లింగం కాదు, మన తండ్రుల లోపాలు ఆయనవి కావు. అప్పుడు మిగిలినది మరింత స్పష్టంగా నిలుస్తుంది. అయితే వ్యాఖ్యానం కష్టంగా ఉన్న మొదటి చోటే ‘ఇది మర్మం’ అని ఆగిపోవడం నిషేధ మార్గం కాదు. చెప్పగలిగినదంతా చెప్పాక వచ్చే మౌనం అది.

మీరు మొదలుపెట్టడానికి: రోమా 3:21–4:25, యాకోబు 2:1–26 రెండూ ఒకే కాగితం మీద రెండు నిలువు వరుసల్లో చేత్తో రాయండి. విశ్వాసం, క్రియలు, నీతి అన్న మాటలు వచ్చిన చోటల్లా మూడు రంగులు వేయండి. అబ్రాహాము ప్రస్తావన పక్కన ఆదికాండం అధ్యాయం సంఖ్య వేయండి. వ్యాఖ్యాన పుస్తకం ఆ తర్వాతే తెరవండి.